రతన్ టాటా సంపాదనలో 66 శాతం దానం చేశాడంటారు, నిజమేనా? లెక్క తెలిసినవాళ్ళు చెప్పండి

కృష్ణలంక_రవి
మా అమ్మాయి ఎనిమిదో క్లాసు. స్కూల్లో రతన్ టాటా గురించి ఐదు నిమిషాలు మాట్లాడాలట, వాట్సాప్‌లో వచ్చిన మెసేజ్ ఒకటి తీసుకుని బట్టీ పట్టేస్తోంది. అందులో ఏముందంటే ఆయన తన సంపాదనలో 66 శాతం పేదలకి ఇచ్చేశాడు, టాటా మెమోరియల్ ఆసుపత్రి కట్టించాడు, టిస్కో (ఇప్పటి టాటా స్టీల్) పెట్టాడు, ఎయిరిండియా పెట్టాడు... అన్నీ ఆయనే. నాకు తెలిసినంతలోనే ఇందులో సగం తప్పు. తప్పులు చెప్పి చప్పట్లు కొట్టించుకోవడం నాకు నచ్చట్లేదు, అలాగని పిల్ల ఉత్సాహం మీద నీళ్ళు చల్లలేను. ఆ పెద్దాయన మీద నాకూ గౌరవం ఉంది. అసలు ఆ 66 ఎక్కడిది? ఆయన సొంతంగా చేసిందేంటి, వాళ్ళ తాతలు చేసిందేంటి? కాస్త విడదీసి చెప్పండి.

ఉప్పుతిన్నవాడు
ఇంట్లో ఉప్పు టాటా, టీ పొడి టాటా, చెయ్యూపితే కూడా టాటా. లెక్కలు తెలియవు గానీ ఉప్పు తిన్న విశ్వాసంతో మొదటి కామెంట్ నాదే 🙏

గుంటూరు_ఆడిటర్
66 శాతం అంకె నిజమే, దాని అర్థమే మార్చేశారు. టాటా కంపెనీలన్నిటికీ పైన టాటా సన్స్ అని ఒక కంపెనీ ఉంటుంది. దాంట్లో సుమారు 66 శాతం వాటా టాటా ట్రస్టులది. అంటే ఆ షేర్ల మీద వచ్చే డివిడెండ్ (లాభంలో పంచే వాటా) ఏ టాటా ఇంటికీ వెళ్ళదు, ట్రస్టులకి వెళ్తుంది, అక్కణ్ణించి ఆసుపత్రులకీ చదువులకీ నీళ్ళ పథకాలకీ వెళ్తుంది. ఆ వాటా ఇచ్చింది రతన్ గారు కాదు. టాటా గ్రూపు మొదలుపెట్టిన జంషెట్జీ కొడుకులు ఇద్దరు, దొరాబ్జీ, రతన్‌జీ (ఆయన్ని సర్ రతన్ టాటా అంటారు, పేరు ఒకటే కాబట్టి అందరూ పొరబడతారు). ఇద్దరికీ పిల్లలు లేరు. తమ ఆస్తి ట్రస్టులకి రాసేశారు. సర్ రతన్ టాటా ట్రస్టు 1919లో, సర్ దొరాబ్జీ టాటా ట్రస్టు 1932లో వచ్చాయి. మన రతన్ టాటా పుట్టిందే 1937 డిసెంబరు 28న.

టాటా సన్స్‌లో ఆయన సొంత వాటా ఒక్క శాతం కూడా ఉండేది కాదు, 0.83. కట్టడాల వ్యాపారం చేసే షాపూర్‌జీ పల్లోంజీ వాళ్ళది 18 శాతం పైన. 2022 హురున్ ధనికుల జాబితాలో ఆయనది 421వ స్థానం, ఆస్తి సుమారు 3,800 కోట్లు. అంత పెద్ద గ్రూపు నడిపిన మనిషి ఆ జాబితాలో అంత కింద ఉండటమే అసలు విషయం అని నేననుకుంటాను.

స్వాతి_ఎంవీపీ
పైన ఆడిటర్ గారు చెప్పింది చదివాక నా బుర్రలో వెలిగింది. అంటే ఆయన దానం చెయ్యలేదన్నమాట, దానం చేసినవాళ్ళ సొమ్ముకి కాపలా కాశాడు. ఇది తక్కువా?

సింగరేణి_బిడ్డ
కాపలా కాసిండు సరే, మరి ఆ సొమ్ము ఎట్లొచ్చింది అన్నది కూడ చెప్పాలె గదా. 2006 జనవరి 2, ఒడిశాల కళింగనగర్. టాటా స్టీల్ ప్లాంటు కోసం భూములు తీస్కుంటుంటే ఆదివాసీలు అడ్డం వొయిన్రు, పోలీసు కాల్పుల్ల 13 మంది ఆదివాసీలు సచ్చిపోయిన్రు. కాల్చింది పోలీసులే గానీ ఎవ్వల ప్లాంటు కోసమో అందరికీ తెల్సు. దీన్ని ఎవ్వలూ ఫార్వర్డ్ చెయ్యరు. పిల్లకి చెప్పేటప్పుడు గిది కూడ చెప్పున్రి.

కృష్ణలంక_రవి
@సింగరేణి_బిడ్డ ఇది నాకు తెలియదు అన్నా. ఐదు నిమిషాల స్పీచ్‌లో పట్టకపోయినా ఇంట్లో మాత్రం చెప్తాను.

బిష్టుపూర్_తెలుగోడు
మాది శ్రీకాకుళం. మా తాత టిస్కోలో పనికని జంషెడ్‌పూర్ వెళ్ళి అక్కడే ఉండిపోయాడు, మా నాన్న కూడా అందులోనే చేశాడు. మా జిల్లా వాళ్ళు అక్కడ ఎంతమందో, బిష్టుపూర్‌లో మనవాళ్ళ రామాలయం ఉంది, చిన్నప్పుడు శ్రీరామనవమికి పానకం అక్కడే తాగేవాళ్ళం. పొద్దున్నే సైరన్ మోగితే ఇంట్లో గడియారం చూసేవాళ్ళు కాదు.

రతన్ టాటా అమెరికాలో కార్నెల్‌లో ఆర్కిటెక్చర్ చదివి, 1962లో వచ్చి గ్రూపులో చేరాక కొన్నాళ్ళకి జంషెడ్‌పూర్ పంపారు. షాప్ ఫ్లోర్ మీద మిగతా కార్మికులతో పాటు సున్నపురాయి పారతో ఎత్తాడు, ఫర్నేసు దగ్గర నిలబడ్డాడు. ఇది కట్టుకథ కాదు, ఆయనే చాలాసార్లు చెప్పుకున్నాడు. మా తాత బ్లాస్ట్ ఫర్నేసులో చేసేవాడు. షిఫ్టు దిగి వచ్చాక లాల్చీ విప్పితే ఛాతీ మీద ఎర్రటి చుక్కలుండేవి, నిప్పురవ్వలు గుడ్డలోంచి దూరి పడ్డ మచ్చలు, నానమ్మ వాటికి వెన్న రాసేది. ఆ వేడి దగ్గర ఒక్క పూట నిలబడ్డా చాలు మనిషి మనిషిని చూసే చూపు మారిపోతుంది అనేవాడు తాత. అందుకే పెద్ద ఇంటి పిల్లాడు అక్కడ పార పట్టాడంటే మా ఇంట్లో దాన్ని చిన్న సంగతిగా ఎప్పుడూ చూడలేదు.

రెండో వైపు కూడా చెప్తా. ఆయన ఛైర్మన్‌గా ఉన్న రోజుల్లోనే టాటా స్టీల్‌లో వేలాది ఉద్యోగాలు తగ్గించారు, 78 వేల దాకా ఉన్నవాళ్ళు సగానికొచ్చారు. అయితే ముందే మానేసినవాళ్ళకి రిటైర్మెంటు వయసు దాకా నెలనెలా డబ్బు వచ్చేలా పథకం పెట్టారు. మా నాన్న స్నేహితులు చాలామంది అలా బయటికొచ్చారు. డబ్బు సరిగ్గా వచ్చేది, కానీ యాభై ఏళ్ళకే పొద్దున సైరన్ వినపడితే ఎక్కడికి వెళ్ళాలో తెలియక గేటు దాకా నడిచి వెనక్కి వచ్చినవాళ్ళని నేను చూశాను.

స్వాతి_ఎంవీపీ
గేటు దాకా వెళ్ళి వెనక్కి రావడం... చదివి కాసేపు ఆగిపోయాను.

పాతకార్ల_పిచ్చోడు
కార్ల సంగతి నాకు వదిలేయండి. 1998లో ఇండికా చూపించారు, పూర్తి దేశీ కారుగా పేరు తెచ్చుకుంది అది. మొదటి బండ్ల మీద ఫిర్యాదులు గట్టిగానే వచ్చాయి, 2001లో వీ2 తెచ్చి సరిదిద్దుకున్నారు. మధ్యలో 1999లో కార్ల వ్యాపారం అమ్మేద్దామని అమెరికాలో ఫోర్డ్ వాళ్ళ దగ్గరికి వెళ్ళారు. అక్కడ వాళ్ళు, మీకేమీ తెలియనప్పుడు ఈ వ్యాపారంలోకి ఎందుకు దిగారు, కొంటే మీకు ఉపకారం చేసినట్టే అన్న ధోరణిలో మాట్లాడారని ఆ రోజు పక్కనే ఉన్న ప్రవీణ్ కాడ్లే 2015లో ఒక సభలో చెప్పాడు. అమ్మకుండానే తిరిగొచ్చారు. 2008లో అదే ఫోర్డ్ దగ్గర జాగ్వార్ లాండ్ రోవర్‌ని 2.3 బిలియన్ డాలర్లకి వీళ్ళు కొన్నారు. నాకు ఇది చదివినప్పుడల్లా ఒళ్ళు పులకరిస్తుంది.

గుంటూరు_ఆడిటర్
పులకరించండి గానీ కోరస్ (టాటా స్టీల్ కొన్న బ్రిటన్ ఉక్కు కంపెనీ) కూడా కలిపి చూడండి. 2007 జనవరిలో వేలంపాట తెల్లవార్లూ నడిచింది. బ్రెజిల్ కంపెనీ షేరుకి 603 పెన్నీలు అంటే వీళ్ళు 608 అని పాడుకున్నారు. మొత్తం 12 బిలియన్ డాలర్ల పైమాటే. మర్నాడు దేశమంతా గర్వపడింది. మరుసటి ఏడాదికల్లా ప్రపంచం మాంద్యంలో పడింది, ఆ కంపెనీ ఏళ్ళ తరబడి నష్టాల్లో నడిచింది. బ్రిటన్‌లో దాని పోర్ట్ టాల్బట్ ప్లాంటులో ఆఖరి బ్లాస్ట్ ఫర్నేసు 2024 సెప్టెంబరు 30న ఆర్పేశారు. పది రోజులు తిరక్కుండానే ఆయన పోయారు.

పాతకార్ల_పిచ్చోడు
ఒప్పుకుంటున్నా. అందులో మాట్లాడ్డానికేం లేదు.

నానోవాళ్ళ_అబ్బాయి
నానో గురించి ఎవరూ ఎత్తలేదేంటి. మా నాన్న 2010లో పసుపు రంగుది కొన్నారు. అంతకుముందు నలుగురం స్కూటర్ మీదే. నేను ముందు నిలబడేవాణ్ణి, చెల్లి అమ్మానాన్నల మధ్య ఇరుక్కునేది. వాన పడితే అమ్మ తన కొంగు చెల్లి నెత్తిన కప్పేది, నాన్న కళ్ళజోడు మీద నీళ్ళు కారుతుంటే వేలితో తుడుచుకుంటూ నడిపేవారు. రతన్ టాటా సరిగ్గా ఇలాంటి కుటుంబాన్నే వానలో స్కూటర్ మీద చూసి ఈ కారు అనుకున్నానని చెప్పారు గదా, మా నాన్న అది పేపర్లో చదివి "మనల్నే చూశాడేమోరా" అన్నారు. అప్పటి బండికి వెనక డిక్కీ బయట్నుంచి తెరుచుకోదు, ఇంజనేమో వెనక. సామాను పెట్టాలంటే వెనక సీటు ముందుకి మడిచి లోపల్నుంచి తోయాలి. ఊరెళ్ళినప్పుడు ఆవకాయ జాడీ అలాగే తోసి, దారంతా చెల్లి వెనక్కి తిరిగి దాన్ని పట్టుకుని కూర్చునేది.

కాలనీలో ఒకాయన "లక్ష రూపాయల కారు" అని పిలిచేవాడు మా నాన్నని. ఆయన పట్టించుకునేవారు కాదు గానీ అమ్మకి మాత్రం బాధగా ఉండేది.

పాతకార్ల_పిచ్చోడు
@నానోవాళ్ళ_అబ్బాయి ఆ "లక్ష రూపాయల కారు" మాటే దాన్ని ముంచింది తమ్ముడూ. చవక కారు అని పేరు పడటం దెబ్బ తీసిందని తర్వాత ఆయనే ఒప్పుకున్నారు. పశ్చిమ బెంగాల్ సింగూరులో భూముల గొడవై 2008 అక్టోబరులో ప్లాంటు ఎత్తేసి గుజరాత్ సానంద్‌కి తీసుకెళ్ళారు, దానికే ఆలస్యం. 2009 మార్చిలో అమ్మకాలకి తెచ్చారు. ముడి సరుకుల ధరలు పెరిగినా లక్షకే ఇచ్చారు, మాట ఇచ్చాం కాబట్టి అని. 2018 జూన్‌లో నెల మొత్తానికి ఒకే ఒక్క నానో తయారైంది. ఆ సంవత్సరంతోనే ఆగిపోయింది.

సింగరేణి_బిడ్డ
సింగూరు భూములు రైతులకి వాపస్ ఇయ్యాలని 2016ల సుప్రీంకోర్టు చెప్పింది, అది కూడ కలుపున్రి. సర్కారు తీసుకున్న పద్ధతే తప్పన్నది కోర్టు.

నానోవాళ్ళ_అబ్బాయి
నిజమే అన్నా. మా నాన్న కారు కోసం ఎవరో పొలం పోగొట్టుకున్నారనే ఆలోచన నాకు ఎప్పుడూ రాలేదు. ప్లాంటు మారింది గదా అనుకునేవాణ్ణి అంతే.

పరేల్_లో_తొమ్మిది_నెలలు
రవి గారూ, టాటా మెమోరియల్ గురించి నేను చెప్తాను, అమ్మ క్యాన్సర్ వైద్యం కోసం ముంబై పరేల్‌లో ఉన్న ఆ ఆసుపత్రి చుట్టూ తొమ్మిది నెలలు తిరిగాను కాబట్టి.

ఆ ఆసుపత్రి మొదలైంది 1941లో. దొరాబ్జీ టాటా భార్య మెహెర్‌బాయి రక్త క్యాన్సర్‌తో 1931లో చనిపోయింది, ఆ దుఃఖంలోంచి పుట్టిన ఆలోచన అది. రతన్ గారికి అప్పుడు మూడేళ్ళు. 1957లో కేంద్ర ఆరోగ్య శాఖ తీసుకుంది, 1962 నుంచి అణుశక్తి శాఖ కింద నడుస్తోంది. అంటే ఇప్పుడది ప్రభుత్వానిది. అయినా ఎవరూ అలా అనరు, దేశం నలుమూలల నుంచి రైలు దిగినవాళ్ళందరూ టాక్సీవాడికి "టాటా" అనే చెప్తారు.

మేము దాదర్‌లో గాడ్గే మహరాజ్ ధర్మశాలలో ఉన్నాం. పొద్దున్నే ఫైలు చంకలో పెట్టుకుని అమ్మని తీసుకుని వెళ్ళేవాణ్ణి. చోటు దొరకనివాళ్ళు పరేల్‌లో ఫుట్‌పాత్ మీదే స్టవ్వు పెట్టుకుని వండుకునేవాళ్ళు. అందులో మన తెలుగువాళ్ళే ఎక్కువ కనిపించారు నాకు, కర్నూలు, మహబూబ్‌నగర్, పలాస. ఒకామె నేను తెలుగులో ఫోన్ మాట్లాడుతుంటే విని పరుగెత్తుకొచ్చి నా చెయ్యి పట్టుకుంది, ఆమె భర్త రిపోర్టులో ఏముందో ఎవరూ అర్థమయ్యేలా చెప్పలేదట, నేను చదివి చెప్పాను. ఎలా చెప్పానో నాకే తెలియదు.

అక్కణ్ణించి చూస్తే ఒకటే ప్రశ్న వచ్చేది. వీళ్ళందరూ వెయ్యి కిలోమీటర్లు ఎందుకు రావాలి? ఆసుపత్రే వాళ్ళ దగ్గరికి ఎందుకు వెళ్ళకూడదు? రతన్ టాటా హయాంలో ట్రస్టులు చేసిన మంచి పని నా దృష్టిలో ఇదే. కోల్‌కతాలో 2011లో టాటా మెడికల్ సెంటర్. తర్వాత అస్సాం ప్రభుత్వంతో కలిసి జిల్లాల్లో క్యాన్సర్ ఆసుపత్రులు, 2022 ఏప్రిల్‌లో డిబ్రూగఢ్‌లో ఏడింటిని ఒకేసారి ప్రారంభించారు. ఆ సభలో ఆయన లేచి నిలబడి హిందీలో మాట్లాడలేను, ఇంగ్లీషులో మాట్లాడతాను గానీ మాట మనసులోంచే వస్తుందని చెప్పి, నా ఆఖరి సంవత్సరాలు ఆరోగ్యానికే ఇస్తున్నాను అన్నారు. గొంతు వణికింది. 84 ఏళ్ళు. ఆ వీడియో నేను ఎన్నిసార్లు చూశానో.

మన తిరుపతిలోనూ ఉంది. అలిపిరి దగ్గర టీటీడీ ఇచ్చిన స్థలంలో. 2018 ఆగస్టు 31న శంకుస్థాపనకి ఆయన స్వయంగా వచ్చారు, 2022 మేలో తెరిచారు. మా అమ్మ టైముకి అది లేదు.

స్వాతి_ఎంవీపీ
అమ్మగారు ఎలా ఉన్నారండీ ఇప్పుడు?

పరేల్_లో_తొమ్మిది_నెలలు
బాగున్నారు. ఏడాదికోసారి చెకప్. నిన్న నాతో గొడవపడ్డారు కూడా, వేడి వేడి అన్నంలో చల్లారిన పప్పు పోశానని.

ఉప్పుతిన్నవాడు
గొడవపడుతున్నారంటే పూర్తిగా కోలుకున్నట్టే ❤️

హెచ్ఆర్_మాధవి
ఇంకో మాట, ఆయన 1991లో ఛైర్మన్ అయ్యేటప్పటికి కంపెనీలన్నీ ఎవరి జాగీరు వాళ్ళది. టాటా స్టీల్‌లో రూసీ మోడీ, కెమికల్స్‌లో దర్బారీ సేఠ్, తాజ్ హోటళ్ళలో అజిత్ కేర్కర్, మహామహులు. అంతకుముందు ఛైర్మన్ జేఆర్డీ టాటా పెద్దాయన కాబట్టి ఆయన మాట వినేవాళ్ళు, ఈయన్ని ఎవరూ ఖాతరు చెయ్యలేదు. రిటైర్మెంట్ వయసు రూల్ పెట్టి ఒక్కొక్కర్నీ పంపారు. 1993లో మోడీ, 1997లో కేర్కర్. మెత్తటి మనిషి అంటారు గానీ మెత్తదనం కింద ఉక్కు ఉండేది.

గుంటూరు_ఆడిటర్
@హెచ్ఆర్_మాధవి కరెక్టు మేడం, దానికే ముడిపడిన ఇంకో పని చేశారు. అప్పట్లో కొన్ని కంపెనీల్లో టాటా సన్స్ వాటా పది శాతం కూడా ఉండేది కాదు. ఎవరైనా బజారులో షేర్లు కొనుక్కుంటూ పోతే టాటా పేరున్న కంపెనీ టాటాల చేతుల్లోంచి పోయేది. ఆయన వాటాలు పెంచుకుంటూ వచ్చారు, టాటా పేరు వాడుకునే కంపెనీ టాటా సన్స్‌కి రుసుము కట్టాలని పెట్టారు. 2004లో టీసీఎస్‌ని షేరు 850 రూపాయలకి మార్కెట్లోకి తెచ్చారు. ఆ టీసీఎస్ డివిడెండే ఇవాళ టాటా సన్స్‌కి ప్రధాన ఆదాయం, అందులోంచే ట్రస్టులకి వెళ్ళేది. మన హైదరాబాద్‌లో టీసీఎస్‌లో రాత్రి షిఫ్టు చేసే కుర్రాడి కష్టంలో కొంత డిబ్రూగఢ్‌లో కీమో మందుగా మారుతోందన్నమాట. నేను అందుకే దానం అన్న మాట కంటే ఈ లెక్కకే ఎక్కువ విలువిస్తాను. తాతలు రాసిచ్చిన కాగితానికి విలువ తెచ్చింది ఈయన.

ఆదిభట్ల_లైన్_2
టీసీఎస్ ఒక్కటే కాదు అన్నా, హైదరాబాద్ దగ్గర మా ఆదిభట్లలో టాటా వాళ్ళ యూనిట్లలో హెలికాప్టర్ల క్యాబిన్లు, సీ-130 విమానం తోక భాగాలు, అపాచీ యుద్ధ హెలికాప్టర్ల బాడీలు తయారైతున్నయి. మా ఊళ్ళ పత్తి చేసినోళ్ళ పిల్లలు రివెట్లు కొడుతున్నరు. 2007ల బెంగళూరు ఎయిర్ షోల ఆయన ఎఫ్-16 యుద్ధవిమానం నడిపిండు, 69 ఏండ్లప్పుడు. ఆ ఫోటో మా క్లాస్‌మేట్ లాకర్ మీద అంటించుకున్నడు.

నిదానంగా_చదివేవాడు
సైరస్ మిస్త్రీ సంగతి ఎవరూ ఎత్తకపోతే ఈ చర్చకి అర్థం లేదు. 2012లో రతన్ గారు తనే తప్పుకుని ఛైర్మన్ కుర్చీలో మిస్త్రీని కూర్చోబెట్టారు, 2016 అక్టోబరు 24న బోర్డులో ఒక్క మీటింగులో తీసేశారు. 2021 మార్చిలో సుప్రీంకోర్టు టాటాల వైపే తీర్పిచ్చింది, చట్టం ప్రకారం సరే. కానీ మనిషిని పంపే తీరు అదేనా? అంత మర్యాదస్తుడని పేరున్న ఆయన నుంచి నేనది ఊహించలేదు, ఇప్పటికీ మింగుడుపడదు.

హెచ్ఆర్_మాధవి
ఇందులో మీతో ఏకీభవిస్తాను. ఉద్యోగాల్లోంచి మనుషుల్ని పంపే పని నాది, కాబట్టి చెప్తున్నా. కారణం ఎంత సరైనదైనా ఆ గదిలోంచి బయటికొచ్చే మనిషి తల ఎత్తుకుని రాగలగాలి.

నాగమల్లి
26/11 గురించి ఒక్కరూ రాయలేదు. తాజ్‌లో సిబ్బందే 11 మంది చనిపోయారు, అతిథుల్ని బయటికి పంపుతూ. ఆయన ఆ ఇళ్ళకి వెళ్ళారు. డిసెంబరులోనే ట్రస్టు పెట్టి తమ హోటల్ వాళ్ళకే కాక మిగతా చోట్ల దెబ్బతిన్నవాళ్ళకీ సాయం చేశారు. ఇది మాత్రం ఏ తాతా చేసింది కాదు. కరోనాలో కూడా, 2020 మార్చిలో ట్రస్టుల నుంచి 500 కోట్లు, టాటా సన్స్ నుంచి వెయ్యి కోట్లు.

వీధికుక్కల_అక్క
టాటా వాళ్ళ ప్రధాన ఆఫీసు బాంబే హౌస్ బాగుచేసినప్పుడు వీధికుక్కలకి గది కట్టించింది ఆయనే, ముంబై మహాలక్ష్మిలో 165 కోట్లతో జంతువుల ఆసుపత్రి 2024లో తెరిచారు. మా వీధిలో రోజూ 14 కుక్కలకి అన్నం పెడతాను, నాకు ఆయన బంధువు లెక్క.

కృష్ణలంక_రవి
అన్నీ పాపకి చదివి వినిపించాను. 66 శాతం సంగతి అర్థమయ్యాక అది అడిగింది, "అయితే నాన్నా, ఆయన నాన్న ఎవరు, ఆయనకీ తాత ఇచ్చాడా?" అని. వెతికితే నావల్ టాటా అనాథాశ్రమంలో ఉన్న పిల్లాడట, 13 ఏళ్ళప్పుడు సర్ రతన్ టాటా భార్య నవాజ్‌బాయి దత్తత తెచ్చుకుందట. రతన్ గారికి పదేళ్ళప్పుడు అమ్మానాన్నలు విడిపోతే పెంచింది కూడా ఆ నానమ్మేనట. పాప స్పీచ్ మొత్తం కొట్టేసి మళ్ళీ రాసుకుంది, ఆ నానమ్మ దగ్గర మొదలుపెట్టింది. సింగూరు ఒక వాక్యం పెట్టింది, తనే.

బిష్టుపూర్_తెలుగోడు
నవాజ్‌బాయి దగ్గర మొదలుపెట్టిందా! మా తాత ఉంటే ఆ పిల్లకి పానకం పోసేవాడు.

పలాస_జీడి
చర్చ మధ్యలో అడుగుతున్నందుకు ఏమనుకోకండి. @పరేల్_లో_తొమ్మిది_నెలలు మా అత్తయ్యకి రొమ్ములో గడ్డ, ఇక్కడ పరీక్ష చేసి క్యాన్సర్ అన్నారు. ముంబై అంటే మావల్ల కాదు. తిరుపతి తీసుకెళ్దామా అనుకుంటున్నాం. ఏమేం పట్టుకెళ్ళాలి?

పరేల్_లో_తొమ్మిది_నెలలు
తీసుకెళ్ళండి, ఆలస్యం చెయ్యకండి. బయాప్సీ రిపోర్టు కాగితం ఒక్కటే సరిపోదు, పరీక్ష చేసిన ల్యాబ్‌లో స్లైడ్లు, మైనపు బ్లాకులు (గడ్డలోంచి తీసిన ముక్కని మైనంలో దాచినవి) అడిగి తీసుకోండి, అక్కడ మళ్ళీ చూస్తారు. స్కాన్ తీసి ఉంటే సీడీ కూడా. ఆధార్, రేషన్ కార్డు, ఆరోగ్యశ్రీ కార్డు ఉంటే అదీ పెట్టుకోండి. అన్నీ ఒకే ఫైల్లో తేదీల వరసలో. అత్తయ్యతో ఆడమనిషి ఒకరు ఉండేలా చూడండి. నాకు మెసేజ్ పెట్టండి, ఫోన్‌లో మాట్లాడుకుందాం.

పలాస_జీడి
పెట్టాను అన్నా. బ్లాకుల సంగతి తెలియనే తెలియదు, రేపు పొద్దున్నే ల్యాబ్‌కి వెళ్తాను.